గేటు బయట చేతులు

కోటబొమ్మాళిలో జూనియర్ కాలేజీ పిల్లలకి నేను చరిత్ర చెబుతాను. ఏ యుద్ధం పాఠం ముగించినా ఎవడో ఒకడు లేచి, "సార్, కుట్ర వల్లే కదా ఓడిపోయారు?" అని అడుగుతాడు. కుట్రలతో రాజ్యాలు కూలవురా, కుట్ర చేసేవాడు ఏ కాలంలోనైనా ఉంటాడు, అది పారడానికి కారణాలు వేరే ఉంటాయి, వాటిని చదవండి అని కసిరేవాణ్ణి. ఒక కుట్ర నెగ్గాలంటే పదిమంది నోళ్ళు మూసుకోవాలి, మనవాళ్ళలో ఇద్దరి నోళ్ళు మూయించడమే గగనం అని కూడా అనేవాణ్ణి. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ మాటంటే నాకూ కాస్త మురిపెంగానే ఉండేది.

ఈమధ్య ఆ మాట అనడం మానేశాను. ఎందుకో చెబుతాను.

మా ఊరు ములగపాడు. కాలేజీ నుంచి బండి మీద అరగంట. వంశధార నీళ్ళు ఒక పిల్లకాలువలో మా ఊరికి వస్తాయి. ఊరి మొగదల కాలువకి మదుం ఉంది. దాని తలుపు ఎత్తితే నీరు కింది పొలాలకి దిగుతుంది, దించేస్తే పైనే నిలబడిపోతుంది. మదుం పైన ఉన్న భూములు నరసింగరావువీ, ఆయన చుట్టాలవీ. కింద ఉన్నవి మా లంకలపల్లి ఇంటిపేరు వాళ్ళవి. వాటన్నిటికీ ఆఖర్న, ఇక కాలువ లేదనుకున్న చోట, మా వదిన చిన్నతల్లి పొలం.

నాకు ఊహ తెలిసేసరికే ఆవిడ మా ఇంటి కోడలు. నా తల దువ్వి బడికి పంపింది ఆవిడే. నాకు ఉద్యోగం వచ్చాక పొలమంతా అన్నయ్య పేరునే ఉంచేశాం. అన్నయ్య పోయాక అది వదిన పేరుకి మారింది. నా పేరున సెంటు భూమి లేదు. ఎప్పుడూ దాని గురించి విచారించలేదు కూడా, ఆ ఒక్క ఆదివారం తప్ప.

నరసింగరావు పైన చేపల చెరువులు తవ్విన దగ్గర్నుంచి మాకు నీళ్ళు రావడం మానేశాయి. మదుం తలుపు తాళం నీటి సంఘంలో మా ఊరి సభ్యుడి దగ్గర ఉంటుంది. ఆ సభ్యుడు నరసింగరావే. చెరువులు నిండేదాకా తలుపు దించి ఉంచుతాడు. నిండాక ఎత్తుతాడు, అప్పటికి మా వరి ఎండి గడ్డయిపోయి ఉంటుంది. వరసగా రెండేళ్ళు వదిన పంట పొట్ట మీదే మాడిపోయింది. మూడో ఏడూ అలాగే అయితే ఇక సాగు మానుకుని, పొలాన్ని చెరువులకి అప్పగించడమే. నరసింగరావుకి కావలసిందీ అదే. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనడు, మాకే అర్థమవుతూ ఉంటుంది.

అందుకే నీటి సంఘం ఎన్నికలు పెడుతున్నారని తెలియగానే వదిన మా వీధి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పేసింది.

"ఈపాలి నాను నిలబడతాను. తాళం నా సేతికి రావాల. మీకు కావాలో వద్దో ఇప్పుడే సెప్పీండి, తరవాత గొణక్కండి."

"నిలబడవే సిన్నతల్లీ, నీకు కాపోతే ఎవులికెత్తుతాం సేతులు?" అన్నాడు మా పెదనాన్న అప్పలస్వామి. మా ఇంటిపేరులో పెద్దవాడు. ఆయన మాటంటే మా వీధిలో కోడి కూడా రెండోసారి కూయదు.

ఇది పెట్టెలో ఓట్లు వేసే ఎన్నిక కాదు. కాలువ కింద భూమి ఉన్న రైతులంతా ఒకచోట కూర్చుంటే ఆఫీసరు వచ్చి చేతులెత్తమంటాడు. ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే వాళ్ళు. ఊళ్ళో సగానికి పైగా చేతులు మావి. పైగా దాహం మాది. వదిన గెలుస్తుందని నరసింగరావు పాలేరుకి కూడా తెలుసు. వేళ్ళ మీద లెక్కే. ఆదివారం పొద్దున బడి ఆవరణలో ఎన్నిక అని దండోరా వేశారు.

అంతలో బడిలో కొత్త గదులకి పునాదులు తవ్వడం మొదలుపెట్టారు. ఆవరణ నిండా కంకర, ఇసుక. కూర్చునే చోటు లేదు. నరసింగరావు ఆఫీసరు దగ్గరికి వెళ్ళి, రామమందిరం పందిట్లో పెట్టుకుంటే ఫ్యాన్లున్నాయి, మంచినీళ్ళున్నాయి, పెద్దవాళ్ళకి ఎండ బాధ ఉండదు అని చెప్పి చోటు మార్పించాడు. పందిరంటే గుడి ప్రహరీ లోపలే, ధ్వజస్తంభం పక్కన. మా వాళ్ళంతా మంచిదే అన్నారు. నేనూ మంచిదే అన్నాను. గుళ్ళో కూర్చుని అబద్ధపు లెక్క చెప్పలేరులే అని వదిన సంతోషపడింది కూడా.

గురువారం మధ్యాహ్నం కాలేజీలో ఉండగా ఫోను వచ్చింది. ఆమదాలవలసలో జగన్నాధం చిన్నాన్న పోయాడు.

చిన్నాన్న మా ఇంటిపేరు మనిషే. చిన్నప్పుడే ఊరొదిలి ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం పెట్టి స్థిరపడ్డాడు. పక్షవాతం వచ్చి, శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో ఊపిరి మిషను మీద చాలా రోజులుగా ఉన్నాడు. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పేశారని మా అందరికీ తెలుసు. తాను కట్టుకున్న ఇంట్లోనే పోవాలని ఆయన కోరికట. గురువారం పొద్దున ఇంటికి తెచ్చి మిషను తీసేశారు. గంట కూడా ఉండలేదు.

మేమంతా వెళ్ళాం. చిన్నాన్న కొడుకు మోహనకృష్ణ నన్ను పట్టుకుని ఏడ్చాడు. అప్పటికే నరసింగరావు అక్కడున్నాడు. కట్టెలు, పాడె, టెంటు, అన్నీ ఆయనే చూస్తున్నాడు. మోహనకృష్ణ ధాన్యం కొంటే ఈయన లారీలు తిప్పేవాడు, పాత స్నేహం. పాడెకి కూడా ఒక భుజం పట్టాడు. ఎంత మంచివాడు అని మా పెదనాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

తిరుగు రైల్లో, కిటికీ పక్కన కూర్చున్న వదిన ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

"గిరీ, ఆదివారం గుడిలో కదేటి?"

నాకు వెంటనే వెలగలేదు. వెలిగాక వేళ్ళు మడుస్తూ రోజులు లెక్కపెట్టాను. చిన్నాన్న పోయాడంటే ఇంటిపేరు మొత్తానికి మైల, నరసింగరావులా వేరే ఇంటిపేరు వాళ్ళకైతే స్నానంతో పోతుంది. పెద్దకర్మ అయ్యేదాకా పదిరోజులు మావాళ్ళెవరూ గుడి గడప తొక్కరు. గడపేమిటి, ప్రహరీ లోపలికి కూడా అడుగు పెట్టరు. తాతల నాటి నుంచి ఎవరూ పెట్టలేదు.

దిగగానే ఆఫీసరు ధనరాజ్‌కి ఫోను చేశాను. మర్యాదస్తుడు. "సార్, తేదీ రాష్ట్రమంతటికీ ఒక్కటే. చోటు నోటీసులో ప్రకటించేశాం. మళ్ళీ మార్చాలంటే పైవాళ్ళ ఉత్తర్వు కావాలి," అన్నాడు. పైవాళ్ళకి చేశాను. ఒకాయన రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. మరొకాయన చూస్తామన్నాడు. శనివారం సాయంత్రానికి ఎవరూ ఫోను ఎత్తడం లేదు.

ఆ సాయంత్రమే మా అరుగు మీద పెద్ద రభస అయింది. రభస చేసింది నేనే.

"పెదనాన్నా, ఆమదాలవలసలో పోయిన మనిషికి ములగపాడు గుడిలో మైలేమిటి? ఆయన ఊరొదిలి ఎన్నేళ్ళయింది? స్నానం చేసి పందిట్లో కూర్చోండి. గర్భగుడిలోకి పొమ్మన్నానా?"

"ఊరొగ్గీసినాడు గానీ ఇంటిపేరు ఒగ్గీలేదు గదరా. పాడె కింద భుజం ఎట్టినోల్లం. ఆ భుజాల్తోటి రాములోరి ముందు కూకుంటామేటి?"

"నీళ్ళు పోతాయి పెదనాన్నా! తాళం పోతుంది!"

"పోతే పోతాది. నీల్ల కోసం దేవుణ్ణి మైలపరస్తామేటిరా? నువ్వు సదువుకున్నోడివి, నీకేటి సెప్తాం."

ఆయన్ని నరసింగరావు కొనేశాడేమో అని ఆ నిమిషంలో అనిపించింది. అలాంటిదేమీ లేదని ఇప్పుడు నాకు బాగా తెలుసు. కొనాల్సిన అవసరమే లేదు. మా పెదనాన్న తన పొలం ఎండిపోతుందని తెలిసే ఆ మాట అన్నాడు. అంతకంటే నిజాయితీపరుణ్ణి నేనింతవరకు చూడలేదు. ఆ నిజాయితీకి నాకు ఏడుపొచ్చింది.

వదిన వైపు చూశాను. ఆవిడ అయినా రమ్మంటే కొందరైనా కదులుతారని ఆశ. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

ఆదివారం పొద్దున అందరం వెళ్ళాం. రామమందిరం గేటు దాకా వెళ్ళి, దాని బయట నిలబడిపోయాం. లోపల పందిట్లో నరసింగరావు, ఆయన చుట్టాలు, మిగతా ఇంటిపేర్ల వాళ్ళు కొద్దిమంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మా వాళ్ళు గేటు ఊచల్లోంచి చూస్తున్నారు, జైలు ములాఖత్తుకి వచ్చినట్టు. ఒక్కొక్కరు రైతు, ఒక్కొక్కరికి పట్టాదారు పుస్తకం, ఒక్కొక్కరికి చెయ్యి. అన్నీ బయటే.

నాకు మైలా లేదు, గీలా లేదు. గేటు తోసుకుని లోపలికి వెళ్ళాను. వెనక ఎవరో "ఓరి నాయనో" అన్నారు.

"సార్, మా వాళ్ళు గేటు దగ్గరే ఉన్నారు. మీకు కనబడుతున్నారు. అక్కణ్ణుంచే చేతులెత్తుతారు, లెక్కపెట్టండి," అన్నాను ధనరాజ్‌తో.

"సమావేశ స్థలంలో హాజరైన వాళ్ళనే లెక్కపెట్టాలి సార్. రోడ్డు మీదున్న వాళ్ళని లెక్కపెడితే రేపు నా ఉద్యోగం పోతుంది."

"ఆల్లని లెక్కెట్టీండి సార్, నాకేటీ అబ్బెంతరం లేదు," అన్నాడు నరసింగరావు కుర్చీలోంచి లేచి. గొంతులో నిజంగానే బాధ. "కానీ రూలు మీది. మీకు ఇబ్బందయితే వొద్దు." నావైపు తిరిగాడు. "పాపం మైలలో ఉన్నోల్లు, ఆల్లని బలమంతం పెట్టకు బావా."

నేను రూలు పుస్తకం చూపించమన్నాను. చూపించాడు. అలాగే ఉంది.

"సరే, నేను లోపలున్నానుగా. నా చెయ్యి లెక్కపెట్టండి."

ధనరాజ్ కాగితాలు తిప్పి చూసి, నొచ్చుకుంటూ అన్నాడు. "మీ పేరున భూమి లేదు కదా సార్."

పందిట్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది, వాళ్ళ మీద పడి కొట్టడానికి ఒక సాకు దొరికేది. మొత్తం లంకలపల్లి ఇంటిపేరులో దేవుడంటే భయం లేనివాణ్ణి నేనొక్కణ్ణే, నాకే భూమి లేదు. అన్నయ్య పేరున ఉంచేసినప్పుడు నేను చాలా ఉదారంగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

వెనక్కి గేటు దగ్గరికి వచ్చాను. వదిన ముందు వరసలో ఊచలు పట్టుకుని ఉంది.

"వదినా, ఒక్క అడుగు. నువ్వొక్కదానివి లోపలికి రా. నీ వెనక నలుగురొస్తారు. ఆ నలుగురి వెనక అందరూ వస్తారు. రా!"

వదిన నా మొహంలోకి చూసింది. ఆవిడ కుడికాలు కదలడం నేను చూశాను. చెప్పులోంచి వేళ్ళు బయటికి వచ్చాయి. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాయి.

"నానేటి సెయ్యను గిరీ," అంది మెల్లగా. "ఈయేల ఎల్తాను. నీల్లొస్తాయి. రేపు ఏ ఇంట్లో గుంటడికి జొరమొచ్చినా, ఏ ఆవు ఈనలేక సచ్చినా, మైల్లో గుడి తొక్కీసిన ముండమోపి వల్లే అంటారు. ఆల్లు కాదు, మనోల్లే అంటారు. ఆ నీల్లు నా గొంతు దిగుతాయేటి?"

నేను గేటు రెక్క వదిలేశాను.

లోపల ధనరాజ్ చిన్నతల్లి పేరు చదివి చేతులెత్తమన్నాడు. పందిట్లో మూడు నాలుగు చేతులు లేచాయి. గేటు బయట మా వాళ్ళంతా ఎత్తారు. పెదనాన్న కూడా ఎత్తాడు, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకుని. ఎత్తినవాళ్ళు దించలేదు, ఆఫీసరు ఎప్పటికైనా చూస్తాడేమోనని. ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. తరవాత నరసింగరావు పేరు చదివాడు.

పెద్దకర్మకి ఆమదాలవలస వెళ్ళినప్పుడు మోహనకృష్ణ భార్య కుమారి నాకు విస్తరి వేసి, పక్కన కూర్చుని మామగారి సంగతులు చెప్పింది. అమాయకురాలు. దాపరికం తెలియదు.

"డాట్రు ముందే సెప్పీసినాడు బావగారూ, ఇంటికి ఎత్తుకెలిపోండని. మేం ముందరి వారమే తెచ్చీద్దుం. నరసింగరావు అన్నయ్యే ఆపినాడు. ఇప్పుడు నచ్చత్రం మంచిది కాదు, ఇంట్లో మనిషి పోతే ఆర్నెల్లు ఇల్లు మూసీవాల, పిల్లల్తోటి మీరెక్కడికెల్తారు, గురువారం దాకా ఆగండన్నాడు. పంతుల్ని కూడా ఆయనే తీసుకొచ్చి సూపించినాడు. దేవుడులాంటోడు. లేపోతే ఈపాటికి మేం అద్దింట్లో ఉందుము."

ముద్ద చేతిలో ఉండిపోయింది. గుడికి చోటు మార్పించిందీ ముందరి వారమే. చావుకి రోజు, ఎన్నికకి చోటు, రెండూ ఆ వారంలోనే ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి. నేను ఇన్నాళ్ళూ పదిమంది నోళ్ళు మూయాలన్నానే, ఇక్కడ ఎవరి నోరూ మూయలేదు. కుమారికి తెలియదు. మోహనకృష్ణకి తెలియదు. నక్షత్రం చూసిన పంతులుకి తెలియదు. రూలు చదివిన ధనరాజ్‌కి తెలియదు. మా పెదనాన్నకి చెప్పినా నమ్మడు. అందరూ తమ తమ ధర్మాన్ని తు.చ. తప్పకుండా చేశారు.

చెయ్యి కడుక్కుని నరసింగరావుని వెతికి పట్టుకున్నాను. టెంటు వెనక తమలపాకుకి సున్నం రాసుకుంటున్నాడు.

"బావా, గురువారం దాకా ఆగమన్నది నువ్వేనట."

"నానే. మంచి నచ్చత్రం సూసి సెప్పినాను. తప్పేటి బావా? ఆ పిల్లల్ని వీధిలో పెట్టమంటావేటి?"

ఆయన కళ్ళు నా కళ్ళలోనే ఉన్నాయి. నాకు తెలుసని ఆయనకి తెలిసింది. తెలిసినా ఆయనకేమీ కాదని నాకు తెలిసింది. ఆకు మడిచి నాకే ఇచ్చాడు. పెద్దకర్మ ఇంట్లో కాదనలేక తీసుకున్నాను.

ఊరుకోలేక కలెక్టరాఫీసుకి అర్జీ పెట్టాను. కుట్ర అని రాయలేదు, రాస్తే నవ్వుతారు. రైతుల్లో సగానికి పైగా పాల్గొనే వీలు లేని చోట ఎన్నిక జరిపారు, కాబట్టి రద్దు చేసి మళ్ళీ పెట్టండి అని రాశాను. దసరా దాటేదాకా జవాబు లేదు. ఈలోగా వానలు మొహం చాటేశాయి. మదుం తలుపు దించే ఉంది. వదిన పొలం నెర్రెలిచ్చింది. వరి పొట్ట మీదుంది. రోజూ సాయంత్రం ఆవిడ గట్టు మీద కూర్చుని, ఒక్కో దుబ్బూ విడదీసి చూసుకుని వచ్చేది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు.

చివరికి విచారణకి వస్తున్నామని కబురొచ్చింది. కబురొచ్చిన మర్నాడే నరసింగరావు మదుం తలుపు ఎత్తించాడు. నీళ్ళు వదిన పొలం దాకా వచ్చాయి. ఆవిడ చెప్పులు విడిచి, చీర ఎగ్గట్టి, మడిలో చీలమండ లోతు నీళ్ళలో నిలబడి చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. ఆ నీళ్ళు ఎందుకొచ్చాయో అప్పుడు ఆలోచించకపోవడం నా తెలివి.

విచారణకి అరుణశ్రీ అనే ఆఫీసరు వచ్చింది. చిన్న వయసు, మంచి పిల్ల. ఈసారి బడిలోనే పెట్టించింది. మైల లేదు. మా ఇంటిపేరు వాళ్ళంతా లోపలే, బెంచీల మీద కూర్చున్నారు. నరసింగరావు రాలేదు. ఆ వేళ ఊళ్ళోనే లేడు.

"ఎవరికీ భయపడకండి. ఆ రోజు మీకు అన్యాయం జరిగిందనిపిస్తే లేచి చెప్పండి. మళ్ళీ ఎన్నిక పెట్టమని నేను రాస్తాను," అంది.

ఎవరూ లేవలేదు. పెదనాన్న నేల చూస్తున్నాడు. నేను లేచి అంతా చెప్పాను. శ్రద్ధగా రాసుకుంది.

"మీరు చెప్పింది రాశాను సార్. కానీ రైతులు చెప్పాలి కదా." వాళ్ళవైపు తిరిగింది. "పోనీ ఇలా అడుగుతాను. ఆ ఎన్నిక సక్రమంగానే జరిగింది, మాకు ఏ అభ్యంతరమూ లేదు అనేవాళ్ళు చేతులెత్తండి."

బెంచీల మీద వాళ్ళు ఒకరివంక ఒకరు చూసుకున్నారు. తరవాత ఒక చెయ్యి లేచింది. మా వదినది. బురద ఇంకా గోళ్ళలో ఉంది. ఆవిడ వెనక పెదనాన్న చెయ్యి, ఆయన వెనక మా వీధి మొత్తం. ఈసారి అందరూ లోపలే ఉన్నారు. అరుణశ్రీ ఒక్క చెయ్యి కూడా వదలకుండా లెక్కపెట్టుకుంది.

బయటికి వచ్చాక వదినని దారిలో ఆపాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, నీ కోసమే కదా ఇదంతా. నువ్వు కూడానా?"

వదిన నా చెయ్యి పక్కకి తీసింది. కోపంగా కాదు, చిన్నప్పుడు తల దువ్వుతూ నా చేతుల్ని తప్పించినట్టు.

"వరి ఎన్ను సగమే బయటికొచ్చినాది గిరీ. గింజ పాలు పోసుకోవాల. ఇంకో తడి కావాల, తాళం ఇంకా ఆయన కాడే ఉంది," అని పొలం వైపు బేగి బేగి నడిచి వెళ్ళిపోయింది.